సరుకులు కొనేలోపు కారుకి కరెంటు

ఆదివారం సాయంత్రం ఆరు గంటలైంది. చదువు కేంద్రం అరుగు మీద పది పన్నెండు మందిమి కూర్చున్నాం. ఒక అక్క ఫోను మోగింది. చేసింది ఆమె కూతురు. ఆ అమ్మాయి ఇంగ్లండులో ఉంటుంది. అక్కడ ఆసుపత్రిలో నర్సు పని చేస్తుంది.

"ఏం చేస్తున్నావే?" అని అక్క అడిగింది.

"కారుకి చార్జింగు పెట్టానమ్మా. అది ఎక్కేలోపు సరుకులు కొంటున్నా" అంది కూతురు.

అక్క ఆ మాట మాకు చెప్పింది. అందరం నవ్వాం.

"సెల్లుకి చార్జింగు పెడతాం గానీ, కారుకి పెట్టడమేంటి?" అని ఒకామె అంది. "పెట్టిందే అనుకో. సరుకులు అమ్మే కొట్లో కరెంటు ఎందుకిస్తారు?" అని ఇంకొకామె అంది. మా వీధిలో కిరాణా కొట్టు నడిపే వదిన మాత్రం నవ్వలేదు. "మరి ఆ కరెంటు బిల్లు ఎవరు కడతారు?" అని అడిగింది.

అసలు ప్రశ్న అదే. కొట్టు నడిపే మనిషి కదా, సూటిగా దాని మీదికే వెళ్ళింది. తరువాత వారం ఆ అమ్మాయి వీడియోలో తన కారును, చార్జింగు పెట్టెను చూపించింది. మేం అడిగినవన్నీ ఓపిగ్గా చెప్పింది. ఆమె చెప్పినవీ, నేను చదివి తెలుసుకున్నవీ కలిపి ఇక్కడ రాస్తున్నాను. చదవండి. లెక్కలు వచ్చినచోట పక్కన కాగితం పెట్టుకుని మీరూ వేసి చూడండి.

కారు కడుపులో ఏముంది?

మామూలు కారులో పెట్రోలు ట్యాంకు ఉంటుంది. ఇంజను ఉంటుంది. పొగ గొట్టం ఉంటుంది. కరెంటు కారులో ఇవేవీ ఉండవు. కాళ్ళ కింద, నేలలాగా పరిచిన పెద్ద బ్యాటరీ ఉంటుంది. చక్రాలు తిప్పడానికి మోటారు ఉంటుంది. మన సెల్లులో ఉండే బ్యాటరీ, కారులో ఉండే బ్యాటరీ ఒక జాతివే. రెండూ లిథియం బ్యాటరీలే. కాకపోతే కారు బ్యాటరీ రెండు మూడు క్వింటాళ్ళు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ బరువుంటుంది.

కరెంటు కారు నిన్న మొన్న పుట్టిందేం కాదు. నూరేళ్ళ కిందటే ఉంది. అప్పట్లో పెట్రోలు కారు కదలాలంటే ముందు నిలబడి ఇనుప కడ్డీతో ఇంజను తిప్పాలి. కడ్డీ ఎదురుతన్నితే మణికట్టు విరిగేది. కరెంటు కారుకి ఆ బాధ లేదు. అందుకని అమెరికాలో ఆడవాళ్ళు దాన్ని ఇష్టపడేవారు. పెట్రోలు కార్లు లక్షల్లో తయారుచేసి అమ్మిన హెన్రీ ఫోర్డు పేరు మీరు వినే ఉంటారు. ఆయన భార్య క్లారా ఫోర్డు నడిపింది మాత్రం 1914లో తయారైన కరెంటు కారు! మొగుడి కారు ఆమెకు నచ్చలేదన్నమాట. 1912 నుంచి మీట నొక్కితే పెట్రోలు ఇంజను కదిలే ఏర్పాటు వచ్చింది. పెట్రోలూ చవకైంది. కరెంటు కార్లు మూలపడ్డాయి. మన దేశంలో 2001లో బెంగుళూరులో రేవా అనే చిన్న కరెంటు కారు వచ్చింది. గట్టిగా నడక మొదలైంది మాత్రం ఈ పదిహేనేళ్ళలోనే.

బిందె, కుళాయి

చార్జింగు సంగతి అర్థం కావాలంటే యూనిట్ అంటే తెలియాలి. మన కరెంటు బిల్లులో ఆ మాట ఉంటుంది. 1000 వాట్ల ఇస్త్రీ పెట్టెను ఆపకుండా ఒక గంట వాడితే ఒక యూనిట్ ఖర్చవుతుంది. పాతకాలపు 100 వాట్ల బల్బు పది గంటలు వెలిగితే ఒక యూనిట్. ఒక యూనిట్ కరెంటుతో సెల్లుకి యాభై సార్లు చార్జింగు పెట్టవచ్చు.

చిన్న కారు బ్యాటరీలో 40 యూనిట్లు పడతాయి అనుకుందాం. ఒక యూనిట్‌తో కారు సుమారు 6 కిలోమీటర్లు నడుస్తుంది. 40 ఇంటూ 6. అంటే 240 కిలోమీటర్లు.

ఇప్పుడు బిందెను తలుచుకోండి. బ్యాటరీ బిందె. యూనిట్లు బిందెలో నీళ్ళు. బిందె ఎంతసేపట్లో నిండుతుంది? అది కుళాయి ధారను బట్టి ఉంటుంది. సన్న ధార అయితే చాలాసేపు పడుతుంది. చార్జింగులో ఆ ధారను కిలోవాట్లలో చెబుతారు. 7 కిలోవాట్ల పెట్టె అంటే గంటలో 7 యూనిట్లు ఎక్కిస్తుంది. 50 కిలోవాట్ల పెట్టె అయితే గంటలో 50 యూనిట్లు.

ఇంగ్లండులో ఇంటి గోడకుండే మామూలు ప్లగ్గుకి పెడితే గంటకి రెండు యూనిట్ల పైచిలుకు ఎక్కుతాయి. 40 యూనిట్లు నిండాలంటే ఒక పగలో రాత్రో చాలదు. పదిహేడు గంటలు పడుతుంది. సూపర్ మార్కెట్ దగ్గర 7 కిలోవాట్ల పెట్టె అయితే ఆరు గంటలు. గంటసేపు సరుకులు కొంటే 7 యూనిట్లు, అంటే 42 కిలోమీటర్లకు సరిపడా ఎక్కుతుంది. 50 కిలోవాట్ల పెట్టె దగ్గర అరగంట ఆగితే చాలు. 25 యూనిట్లు, 150 కిలోమీటర్లు.

"అంత తేడా ఎందుకు? అన్ని చోట్లా పెద్ద పెట్టెలే పెట్టొచ్చుగా?" అని అక్క అడిగింది. తీగలో వచ్చే కరెంటు ఒక రకం. బ్యాటరీలో దాచుకునే కరెంటు ఇంకో రకం. ఒకదాన్ని ఇంకోదానిగా మార్చాలి. చిన్న పెట్టె దగ్గర ఆ మార్చే పని కారులో ఉన్న చిన్న యంత్రం చేసుకుంటుంది. అది నెమ్మది. పెద్ద పెట్టెలో మార్చే యంత్రం పెట్టెలోనే ఉంటుంది. అది బీరువా అంత ఉంటుంది. ఖరీదూ అలాగే ఉంటుంది. దానికి లావు కేబులు కావాలి. కరెంటు కంపెనీ నుంచి పెద్ద లైను కావాలి. అందుకని చాలా కొట్లలో చిన్నవి నాలుగు, పెద్దది ఒకటి అన్నట్టు పెడతారు.

ఇంకొక సంగతి. బిందె అంచుదాకా నిండేటప్పుడు కుళాయి తిప్పి ధార తగ్గిస్తాం. లేకపోతే ఒలికిపోతుంది. కారు కూడా అంతే చేస్తుంది. పెద్ద పెట్టె దగ్గర నూటికి 80 వంతులు నిండేదాకా జోరుగా తీసుకుంటుంది. ఆ తరువాత తనంతట తానే నెమ్మదిస్తుంది. ఆ చివరి 20 వంతుల కోసం నిలబడితే వెనకాల వరసలో ఉన్నవాళ్ళు తిట్టుకుంటారు. రోజువారీ తిరుగుడికి 80 చాలు. బ్యాటరీ మన్నికకూ అదే మంచిదంటారు.

కొట్టు దగ్గరే ఎందుకు?

పెట్రోలు కొట్టించుకోవాలంటే బంకు దగ్గరికి ప్రత్యేకంగా వెళ్ళాలి. అయిదు నిమిషాల్లో పని అవుతుంది. కరెంటుకి ఎక్కువసేపు పడుతుంది. అంతసేపూ కారులో కూర్చోవడం ఎవరికి ఇష్టం? అందుకని కారు ఎక్కడైతే ఎలాగూ ఆగి ఉంటుందో అక్కడికే కరెంటు తీసుకురావాలి. రోజుకి 24 గంటలు. కారు నడిచేది గంటో గంటన్నరో. మిగతా కాలమంతా అది ఊరికే నిలబడే ఉంటుంది. ఇంటి ముందు నిలబడుతుంది. పనిచేసే చోట నిలబడుతుంది. వారానికి ఒకసారి సరుకుల కొట్టు ముందు నిలబడుతుంది.

ఇంటి ముందు సొంత జాగా ఉన్నవాళ్ళకి ఇబ్బంది లేదు. గోడకి పెట్టె బిగించుకుని రాత్రికి తగిలించి పడుకుంటారు. కానీ ఇంగ్లండులో పాత పట్టణాల్లో ఇళ్ళు ఒకదానికొకటి అతుక్కుని వరసగా ఉంటాయి. గడప దాటితే కాలిబాట. అది దాటితే రోడ్డు. కారు రోడ్డు మీద ఎక్కడ జాగా దొరికితే అక్కడ పెట్టుకోవాలి. ఇంట్లోంచి తీగ లాగితే నడిచేవాళ్ళ కాళ్ళకి తగులుతుంది. మేడ మీద వాటాల్లో అద్దెకుండేవాళ్ళ సంగతి చెప్పనే అక్కరలేదు. మన అక్క కూతురు కూడా అలాంటి అద్దె వాటాలోనే ఉంటుంది.

ఆమె లెక్క ఇలా ఉంది. ఆసుపత్రికి రానూ పోనూ 25 కిలోమీటర్లు. వారానికి ఆరు రోజులు. 150 కిలోమీటర్లు. అంటే 25 యూనిట్లు. ఆదివారం కొట్టు దగ్గర పెద్ద పెట్టె ఖాళీగా దొరికితే, అరగంటలో వారానికి సరిపడా ఎక్కిపోతుంది. చిన్న పెట్టె ఒక్కటే దొరికితే గంటలో 42 కిలోమీటర్లే. రెండు రోజులు కూడా గడవవు. మళ్ళీ బుధవారమో గురువారమో ఇంకోచోట పెట్టుకోవాలి. కాబట్టి "సరుకులు కొంటూ చార్జింగు" అని గొప్పగా చెప్పేవాళ్ళని ఒక మాట అడగాలి. పెట్టె ఎన్ని కిలోవాట్లు? అది తెలియకుండా ఆ మాటకు అర్థం లేదు.

కొట్టువాడికేం లాభం?

ఇప్పుడు మన వదిన ప్రశ్నకు వద్దాం.

బ్రిటన్‌లో టెస్కో అనే చాలా పెద్ద సరుకుల కొట్ల సంస్థ ఉంది. 2018 చివరలో ఆ సంస్థ, ఫోక్స్‌వాగన్ అనే కార్ల కంపెనీ, పాడ్ పాయింట్ అనే చార్జింగు కంపెనీ కలిసి ఒక ప్రకటన చేశాయి. 600 కొట్ల దగ్గర 2,400 కార్లకు చార్జింగు ఏర్పాటు చేస్తామన్నాయి. మొదట్లో 7 కిలోవాట్ల చిన్న పెట్టెల దగ్గర కరెంటు ఉచితం. ఎవరైనా వచ్చి పెట్టుకోవచ్చు.

ఉచితం అంటే ఎవరూ కట్టరని కాదు. కొట్టు లాభంలోంచి కడతారు. అందులో కొట్టుకు కలిసొచ్చేది ఉంది. పావుగంటలో పాలు, రొట్టె కొనుక్కుని పోయే మనిషి, కారు చార్జింగులో ఉంటే గంట ఉంటుంది. గంట ఉంటే ఊరికే ఉంటుందా? అటు తిరుగుతుంది, ఇటు తిరుగుతుంది. కాఫీ తాగుతుంది. చిట్టీలో లేనివి నాలుగు బుట్టలో వేస్తుంది. పక్క కొట్లో చార్జింగు లేకపోతే ఆ బేరం కూడా ఇటే వస్తుంది.

"అయితే కరెంటు ఎర అన్నమాట" అంది వదిన. అవును, కొంతవరకు ఎరే. అక్క కూతురు ఈ సంగతి తొందరగానే కనిపెట్టింది. ఇప్పుడు కావలసినవి కాగితం మీద రాసుకుని వెళుతుంది. అవి కొనేసి మిగిలిన టైములో కారులో కూర్చుని అమ్మకి ఫోను చేస్తుంది. మనకి ఆదివారం ఫోను వచ్చేది అందుకే!

కొట్టుకి ఇంకో సౌకర్యం కూడా ఉంది. పెద్ద కొట్లలో పాలు, మాంసం, ఐసు సరుకు పెట్టే ఫ్రిజ్‌లు రాత్రీ పగలూ నడుస్తాయి. కాబట్టి పెద్ద కరెంటు లైను అక్కడ ముందే ఉంటుంది. కార్లు నిలిపే విశాలమైన జాగా ఉంటుంది. కప్పు చదునుగా ఉంటుంది, దాని మీద సౌర పలకలు పరచవచ్చు. కొత్తగా చార్జింగు స్టేషన్ కట్టాలంటే ఇవన్నీ కొనాలి. కొట్టుకి సగం ముందే ఉన్నాయి.

ఉచితం ఎంతోకాలం సాగలేదు. యుద్ధం వల్ల 2022లో యూరప్ అంతటా కరెంటు ధరలు మండిపోయాయి. ఆ సంవత్సరం నవంబరు 1 నుంచి టెస్కో కొట్లలో డబ్బు తీసుకోవడం మొదలుపెట్టారు. చిన్న పెట్టె దగ్గర యూనిట్‌కి 28 పెన్నీలు. 50 కిలోవాట్ల పెట్టె దగ్గర 50 పెన్నీలు. వంద పెన్నీలు ఒక పౌను. అప్పట్లో పౌను మన డబ్బులో సుమారు 95 రూపాయలు.

లెక్క వేద్దాం. చిన్న పెట్టె దగ్గర 7 యూనిట్లు ఎక్కించుకుంటే 7 ఇంటూ 28, 196 పెన్నీలు. సుమారు 186 రూపాయలు. దాంతో 42 కిలోమీటర్లు. కిలోమీటరుకు నాలుగున్నర రూపాయల లోపే. పెద్ద పెట్టె దగ్గర 25 యూనిట్లకు పన్నెండున్నర పౌన్లు. సుమారు 1,190 రూపాయలు. 150 కిలోమీటర్లు. కిలోమీటరుకు ఎనిమిది రూపాయలకు దగ్గర. అదే కాలంలో అక్కడ పెట్రోలు లీటరు 160 పెన్నీల పైన ఉంది. లీటరుకు 15 కిలోమీటర్లు ఇచ్చే కారుకైతే కిలోమీటరుకు పది రూపాయలు. అంటే చిన్న పెట్టె దగ్గర సగానికి సగం మిగులు. పెద్ద పెట్టె దగ్గర మిగులు కొంచెమే. తొందరకి ధర ఎక్కువ.

ఇందులో నాకు బాగా కోపం తెప్పించిన సంగతి ఒకటుంది. ఇంట్లో వాడే కరెంటు మీద 2024లో అక్కడ పన్ను నూటికి 5. అదే కారుకి బయట చార్జింగు పెట్టుకుంటే పన్ను నూటికి 20. పైగా ఇంట్లో పెట్టుకునేవాళ్ళకి రాత్రిపూట ధర బాగా తగ్గించే పథకాలు ఉన్నాయి. సొంత ఇల్లు, సొంత జాగా ఉన్నవాళ్ళకి చవక. అద్దె వాటాలో ఉండే నర్సుకి ప్రియం. కరెంటు ఒకటే, కారు ఒకటే. జాగా లేకపోవడమే ఆమె చేసిన తప్పు. కొట్టు దగ్గర పెట్టె ఉండటం ఆమెకి సౌకర్యం మాత్రమే కాదు, అది లేకపోతే ఆ కారు ఆమె కొనలేదు.

పెట్టె ముందు నిలబడ్డప్పుడు

మొదట్లో ఒక్కో కంపెనీ పెట్టెకి ఒక్కో ఫోను యాప్ కావాల్సి వచ్చేది. ఫోనులో సిగ్నలు లేకపోతే కరెంటు లేదు. 2023లో బ్రిటన్ ప్రభుత్వం నియమాలు తెచ్చింది. యూనిట్‌కి ధర ఎంతో పెన్నీల్లో స్పష్టంగా చూపించాలి. 50 కిలోవాట్లు, ఆపైన ఉన్న పెట్టెల దగ్గర 2024 నవంబరు నుంచి బ్యాంకు కార్డు తాకిస్తే చాలు, యాప్ అక్కరలేదు.

తెర మీద మూడు అంకెలు కనబడతాయి. ఎన్ని యూనిట్లు ఎక్కాయి? ఎంతసేపయింది? ఎంత డబ్బయింది? అక్క కూతురు మాకు ఆ తెర చూపించింది. ఇంగ్లీషు రాకపోయినా అంకెలు మాకు అర్థమయ్యాయి. వదిన గబగబా గుణించి, "సరిగ్గానే ఉంది" అంది.

ఒకసారి ఆ అమ్మాయి దెబ్బతింది. అక్కడ చాలా కొట్ల ముందు కారు నిలపడానికి రెండు గంటలో మూడు గంటలో గడువు ఉంటుంది. కార్ల నంబర్లు కెమెరాలు చదువుతాయి. తెలిసినామె కనబడితే మాటల్లో పడింది. గడువు దాటింది. వారం తరువాత జరిమానా కాగితం ఇంటికొచ్చింది. ఆ నెలలో చార్జింగు మీద మిగిల్చిందంతా అందులో పోయింది. గడువు బోర్డు పక్కనే ఉందట. చదవలేదట. "నర్సు చదువు చదివి బోర్డు చదవలేదా!" అని అక్క ఇప్పటికీ ఎగతాళి చేస్తుంది.

ఇంకో సంగతి ఆడవాళ్ళందరూ పట్టించుకోవాల్సింది. చార్జింగు అంటే ఒక చోట అరగంట, గంట ఆగాలి. అది ఎలాంటి చోటు? పెద్ద రోడ్ల పక్కన కొన్నిచోట్ల పెట్టెలు ఒక మూలన, చీకట్లో ఉంటాయి. రాత్రి డ్యూటీ దిగి వచ్చే మనిషి అక్కడ ఒంటరిగా ఎలా నిలబడుతుంది? కొట్టు దగ్గరైతే దీపాలుంటాయి. మనుషులుంటారు. మరుగుదొడ్డి ఉంటుంది. వాన పడితే లోపలికి పోవచ్చు. చంటిబిడ్డ ఉంటే పాలు పట్టుకోవచ్చు. చార్జింగు గురించి మాట్లాడే మగవాళ్ళు కిలోవాట్లు చెబుతారు గానీ మరుగుదొడ్డి సంగతి చెప్పరు.

పెద్ద పెట్టె కేబులు చాలా బరువు. ముసలివాళ్ళకి, చక్రాల కుర్చీలో ఉన్నవాళ్ళకి అది ఎత్తడం కష్టం. తెర ఎత్తులో ఉంటే అందదు. 2022లో బ్రిటన్‌లో దీనికోసం ఒక ప్రమాణం రాశారు. పెట్టె ఎంత ఎత్తులో ఉండాలి, చుట్టూ ఎంత జాగా వదలాలి అని అందులో ఉంది. కానీ అది పాటించి తీరాలనే చట్టం కాదు. అందుకని అన్నిచోట్లా పాటించలేదు.

జర్మనీలో ఇంకో దారి పట్టారు. 2025 జనవరి 1 నుంచి, 20 కంటే ఎక్కువ కార్లు నిలిపే జాగా ఉన్న కొట్లు, ఆఫీసులు కనీసం ఒక చార్జింగు పెట్టె పెట్టి తీరాలి. కొట్టువాడి ఇష్టానికి వదల్లేదు.

పొగ ఎక్కడికి పోయింది?

కరెంటు కారుకి పొగ గొట్టం లేదు. నిజమే. కానీ కరెంటు ఎక్కడి నుంచి వస్తుంది? బొగ్గు కాల్చి తీస్తే పొగ అక్కడ వస్తుంది. బ్రిటన్‌లో చిట్టచివరి బొగ్గు కరెంటు కేంద్రాన్ని 2024 సెప్టెంబరు 30న మూసేశారు. మన దేశంలో అలా కాదు. ఎక్కువ కరెంటు ఇంకా బొగ్గుతోనే వస్తోంది. రామగుండం, కొత్తగూడెం దగ్గర ఉండేవాళ్ళని అడగండి. ఆరేసిన బట్టల మీద బూడిద ఎలా పడుతుందో చెబుతారు.

అయితే మనకి ఎండ ఉంది. కర్నూలు జిల్లాలో 2017లోనే వెయ్యి మెగావాట్ల సౌర పార్కు వచ్చింది. ఎండ కరెంటు పగలే వస్తుంది. రాత్రికి దాచాలంటే ఖర్చు. మరి ఇళ్ళలో అందరూ చార్జింగు పెట్టేది ఎప్పుడు? రాత్రి. కొట్టు దగ్గర, బజారు దగ్గర పెట్టేది ఎప్పుడు? పగలు. అందుకే పగటి చార్జింగు మనకి ఇంగ్లండు కన్నా ఎక్కువ కలిసొస్తుంది. 2024లో కేంద్ర ప్రభుత్వం ఇచ్చిన మార్గదర్శకాల్లో కూడా ఈ మాట ఉంది. ఉదయం 9 నుంచి సాయంత్రం 4 వరకు చార్జింగు స్టేషన్లకు కరెంటు తక్కువ ధరకు ఇవ్వాలని, మిగతా వేళల్లో ఎక్కువ ధర తీసుకోవాలని రాశారు.

మన స్కూటర్లు, మన ఆటోలు

"మనకి కార్లెక్కడివి?" అంది ఒక చెల్లెలు. నిజమే. కానీ కరెంటు స్కూటర్లు మన వీధుల్లోకి వచ్చేశాయి. కరెంటు ఆటోలు వచ్చాయి. వాటిని నడిపే ఆడవాళ్ళూ ఉన్నారు. తెలంగాణ ప్రభుత్వం 2024 నవంబరులో కరెంటు బండ్లకు రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ ఫీజు మాఫీ చేసింది. 2026 చివరి వరకు ఆ మాఫీ అని చెప్పింది. హైదరాబాదులో, విజయవాడలో, విశాఖలో పెద్ద మాల్‌ల కింద చార్జింగు పెట్టెలు చూడవచ్చు.

స్కూటరు బ్యాటరీ రెండు నుంచి నాలుగు యూనిట్లు. ఆటో బ్యాటరీ ఏడెనిమిది యూనిట్లు. నాలుగు గంటల్లో నిండే ఆటోకి, మధ్యాహ్నం అన్నం తినేలోపు గంట పెడితే రెండు యూనిట్లు ఎక్కుతాయి. పాతిక కిలోమీటర్లకు పైగా నడుస్తుంది. సాయంత్రం నాలుగు బేరాలు ఎక్కువ తిరగొచ్చు.

ఇల్లు వదిలి బయట, పగటిపూట చార్జింగు పెట్టుకోవడంలో ఇంకో మేలు ఉంది. అది ప్రాణానికి సంబంధించింది. 2022 ఏప్రిల్‌లో నిజామాబాదులో రాత్రి ఇంట్లో చార్జింగుకి పెట్టిన స్కూటరు బ్యాటరీ పేలింది. ఒక ముసలాయన చనిపోయాడు. అదే నెలలో విజయవాడలో పడకగదిలో పెట్టిన బ్యాటరీ పేలింది. ఇంటాయన చనిపోయాడు. భార్యకు ఒళ్ళు కాలింది. ఆ తరువాత ప్రభుత్వం బ్యాటరీలకు కఠినమైన పరీక్షలు పెట్టింది. 2022 డిసెంబరు నుంచి రెండు విడతలుగా అవి అమలులోకి వచ్చాయి. అంతకుముందు కొన్న బ్యాటరీలు ఇంకా చాలా ఇళ్ళలో ఉన్నాయి.

మీ ఇంట్లో కరెంటు స్కూటరు ఉంటే బ్యాటరీని పడకగదిలో పెట్టకండి. వాకిలికి అడ్డంగా అసలు పెట్టకండి. మంట లేస్తే బయటికి పోయే దారి అదే కదా. బండితో ఇచ్చిన చార్జరే వాడండి. ఎండలో తిరిగి వచ్చిన బండికి వెంటనే పెట్టొద్దు. కాసేపు చల్లారనివ్వండి. అందరూ నిద్రపోయే వేళ చార్జింగు పెట్టొద్దు. బ్యాటరీ ఉబ్బినా, వాసన వచ్చినా, చెయ్యి పెట్టలేనంత వేడెక్కినా దాని జోలికి పోకుండా కంపెనీ వాళ్ళకి చెప్పండి. మంట లేచిందా, ఆర్పే ప్రయత్నం చేయొద్దు. పిల్లల్ని తీసుకుని బయటికి వచ్చి 101కి ఫోను చేయండి.

అందుకే బజారులో, రైతు బజారులో, బస్టాండులో పగటిపూట చార్జింగు పెట్టుకునే చోటు ఉండాలని నేనంటాను. కూరలు కొనే అరగంట, కూరలు అమ్మే నాలుగు గంటలు. అమ్మేవాళ్ళ ఆటో ఎలాగూ అక్కడ నిలబడే ఉంటుంది. కొనేవాళ్ళ కన్నా అమ్మేవాళ్ళకే ఇది ఎక్కువ పనికొస్తుంది. ఇంగ్లండులో ఈ మాట ఎవరికీ తట్టదు. అక్కడ కూరలమ్మే మనిషి కారు కొట్టు ముందు రోజంతా నిలిపి ఉండదు.

"కొట్టు ముందు నేను ఒక ప్లగ్గు పెడితే? లైసెన్సు కావాలా?" అని వదిన అడిగింది. అక్కరలేదు. చార్జింగు పెట్టడం అంటే కరెంటు అమ్మడం కిందికి రాదని, దానికి లైసెన్సు అక్కరలేదని 2018 ఏప్రిల్‌లో కేంద్ర విద్యుత్ శాఖ తేల్చి చెప్పింది. కానీ భద్రత నియమాలు పాటించాలి. పాత తీగ మీద ఆటో చార్జింగు పెడితే తీగ కాలిపోతుంది. కరెంటు ఆఫీసుకి వెళ్ళి మూడు సంగతులు అడగాలి. నా మీటరుకు ఎంత లోడు ఉంది? చార్జింగుకి వేరే మీటరు కావాలా, ఏ రేటు పడుతుంది? ఎర్తింగు సరిగ్గా ఉందో ఎవరు చూస్తారు?

వదిన ఈ మూడూ తన పుస్తకంలో రాసుకుంది. ఆటోకి గంటకి రెండు యూనిట్లు. రోజుకి ఎన్ని ఆటోలు ఆగుతాయి? యూనిట్‌కి తనకెంత పడుతుంది? ఎంత తీసుకోవచ్చు? ఆగిన ఆటో ఆమె టీ తాగుతుందా, బియ్యం కొంటుందా? అన్నీ రాసి గీత గీసింది. యూనిట్‌కి ఎంత పడుతుందో తెలియక ఆ చోటు ఖాళీగా వదిలేసింది. పై ఆదివారం కొట్టు కరెంటు బిల్లు తీసుకురమ్మన్నాం. అందరం కలిసి చదువుదామని.